ఫిట్‌బిట్టా, గార్మినా, రెండు వేల వాచీయా: కట్ట మీద నడిచేవాళ్లకు ఏది మేలు?

పొద్దున ఐదున్నరకు వడ్డేపల్లి చెరువు కట్ట మీదకు వెళ్తే పలకరింపు కూడా అడుగుల లెక్కతోనే మొదలవుతుంది. “ఎన్నయినయ్ సార్?” “ఆరు వేలు దాటినయ్. ఇంకో రౌండు కొడితే అయిపోతది.” భద్రకాళి బండ్ మీద, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో, కరీంనగర్ మానేరు డ్యాం కట్ట మీద కూడా ఇదే మాట. రిటైరైన టీచర్లు, షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్పాక నడక మొదలుపెట్టినవాళ్లు, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే పిల్లలు... చాలామంది చేతికి ఏదో ఒక బ్యాండ్ ఉంటుంది. పాతది పాడైనప్పుడల్లా వచ్చే ప్రశ్న ఒకటే: ఈసారి ఏది తీసుకోవాలె?

దుకాణంలో అడిగితే స్క్రీన్ ఎంత పెద్దదో, ఎన్ని స్పోర్ట్స్ మోడ్లు ఉన్నాయో చెబుతారు. నేను ముందు చూసేది వేరు. ఆ బ్యాండ్ వెనక ఉన్న కంపెనీ ఎవరిది? రేపు అది చేతులు మారితే నా చేతికున్న వస్తువు ఏమవుతుంది? గత పదేళ్లలో మంచి బ్యాండ్లు ఎన్నో సెన్సర్ చెడిపోకుండానే పనికిరాకుండా పోయాయి. కంపెనీని ఇంకెవరో కొన్నారు, కొన్నవాళ్లకు కొన్నాళ్లకు ఆసక్తి పోయింది, మన లెక్కలు దాచే సర్వర్ ఆపేశారు. ఇది కౌలు పొలం లాంటి వ్యవహారం. దుక్కి మనది, చెమట మనది. పట్టాదారు భూమి అమ్మేసిన రోజు మాత్రం కొత్తాయన ఏమంటే అదే.

ముందు ఫిట్‌బిట్ సంగతి. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో అమ్మానాన్నలకు పంపిన మొదటి బ్యాండ్ మన హనుమకొండలో చాలా ఇళ్లలో ఇదే. 2007లో జేమ్స్ పార్క్, ఎరిక్ ఫ్రీడ్‌మన్ సాన్ ఫ్రాన్సిస్కోలో ఈ కంపెనీ పెట్టారు. 2015 జూన్‌లో 20 డాలర్ల ధరతో షేర్లు మార్కెట్లోకి తెచ్చారు. అదే ఏడాది పైనుంచి యాపిల్ వాచ్ వచ్చి పడింది, కిందనుంచి షావోమీ చవక బ్యాండ్లు తోసుకొచ్చాయి. 2019 నవంబర్‌లో గూగుల్ కొంటానని ప్రకటించేటప్పటికి షేరుకు ఇస్తానన్నది 7.35 డాలర్లు. మొత్తం లెక్క 210 కోట్ల డాలర్లు. అందుకే ‘గూగుల్ కొన్నది, ఫిట్‌బిట్ పడిపోయింది’ అనే మాట సగమే నిజం. గూగుల్ కొన్నదే పడిపోతున్న కంపెనీని.

కానీ 2021 జనవరిలో ఆ కొనుగోలు పూర్తయ్యాక జరిగింది చూడండి. 2023 మార్చిలో ఛాలెంజ్‌లు, ఓపెన్ గ్రూపులు తీసేశారు. బయటివాళ్లకు ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు, నాకు మాత్రం అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. హనుమకొండలో ఉన్న తండ్రి, డాలస్‌లో ఉన్న కొడుకు ఒకే పోటీలో ఉండి ఈ వారం ఎవరు ఎక్కువ నడిచారో చూసుకునేవాళ్లు. ఆ పట్టుదలే మనిషిని పొద్దున మంచం దింపేది. ఒక సెన్సర్ తీసేసినా ఇంత నష్టం ఉండేది కాదు. 2024 జనవరిలో వ్యవస్థాపకులిద్దరూ గూగుల్ నుంచి బయటికి వెళ్లిపోయారు. ఆ జూలైలో కంప్యూటర్‌లో చూసుకునే వెబ్ డాష్‌బోర్డ్ మూసేశారు. పెద్ద అక్షరాల కోసం, సంవత్సరాల లెక్క ఒక్కచోట చూసుకోవడం కోసం దాన్ని వాడే పెద్దవాళ్లు చిన్న ఫోన్ తెరకు పరిమితమయ్యారు. అదే ఏడాది, ఇక ఫిట్‌బిట్ పేరుతో స్మార్ట్‌వాచీలు రావని, వాచీ అంటే తన సొంత పిక్సెల్ వాచేనని గూగుల్ తేల్చేసింది. వెర్సా, సెన్స్ అనే ఫిట్‌బిట్ వాచీల వరసకు అక్కడితో తెర పడింది. పాత ఫిట్‌బిట్ ఖాతాలనూ గూగుల్ ఖాతాలోకి మార్చుకోమన్నారు.

సమాచారం సంగతీ ఉంది. ఈ కొనుగోలుకు యూరోపియన్ యూనియన్ 2020 డిసెంబర్‌లో ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది: అక్కడివాళ్ల ఫిట్‌బిట్ ఆరోగ్య సమాచారాన్ని పదేళ్లపాటు గూగుల్ ప్రకటనలకు వాడకూడదు. మిగతా ప్రపంచానికి కూడా వాడబోమని గూగుల్ మాట ఇచ్చింది. కానీ యూరప్‌వాళ్లకు అది అధికారుల ముందు రాసిచ్చిన కట్టుబాటు, మనకు కంపెనీ నోటిమాట. నా నిద్ర, నా గుండె వేగం ఒకరి నోటిమాట మీద ఆధారపడటం నాకు నచ్చదు.

గూగుల్ ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. ఈ రంగంలో పెద్ద కంపెనీ చెయ్యి పడ్డచోట తరచూ ఇదే జరిగింది. ఇంటెల్ 2014లో బేసిస్ అనే కంపెనీని కొన్నది. దాని పీక్ వాచీలు వేడెక్కి చర్మం కాలుతోందని 2016 ఆగస్టులో అన్నిటినీ వెనక్కి పిలిచారు. ఆ డిసెంబర్ 31తో సర్వీసే ఆగిపోయింది. నోకియా 2016లో ఫ్రాన్స్ కంపెనీ విథింగ్స్‌ను 17 కోట్ల యూరోలకు కొని, దాని మీద తన పేరు వేసుకొని, రెండేళ్లకే దాన్ని స్థాపించిన వాళ్లలో ఒకరికి తిరిగి అమ్మేసింది. విథింగ్స్ మళ్లీ సొంత పేరుతో నిలబడింది కాబట్టి అది కాస్త మంచి ముగింపే. ఎండొమోండో అనే పరుగు యాప్‌ను అండర్ ఆర్మర్ 2015లో 8.5 కోట్ల డాలర్లకు కొన్నది, 2020 చివరికి మూసేసింది. మైక్రోసాఫ్ట్ ఎవరినీ కొనకుండా తానే బ్యాండ్ చేసినా, 2019 మే 31న దాని సర్వర్లు ఆపేసింది.

పెబుల్ కథ మాత్రం ప్రత్యేకం. 2012లో జనం ముందే డబ్బులిచ్చి, కోటి డాలర్లకు పైగా పోగేసి నిలబెట్టిన వాచీ అది. 2016 డిసెంబర్‌లో దాని సాఫ్ట్‌వేర్, పనివాళ్లలో కొంతమంది ఫిట్‌బిట్ చేతికి వెళ్లారు. 2018 జూన్ 30న సర్వర్లు ఆగాయి. అంటే ఈరోజు మింగబడ్డ ఫిట్‌బిట్ ఒకప్పుడు ఇంకొకరిని మింగింది. కానీ పెబుల్ వాడకందార్లు ఊరుకోలేదు. రెబుల్ అనే పేరుతో సొంత సర్వీసు నడుపుకున్నారు. 2025 జనవరిలో గూగుల్ పెబుల్ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ తెరిచి ఇచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఆ వాచీలు ఇంకా పనిచేస్తున్నాయంటే కారణం ఆ మనుషులే. వాళ్లంటే నాకు గౌరవం.

ఇక రెండో దారి, గార్మిన్. 1989లో జీపీఎస్ పరికరాలతో మొదలైన కంపెనీ. ఎవరికీ అమ్ముడుపోలేదు, ఈ పరికరాలే దాని అసలు వ్యాపారం. అయితే రేపు ఎవరూ కొనరని హామీ ఏమీ లేదు. నేను దీన్ని మెచ్చుకునేది ఇంకో కారణానికి: పరుగు మొత్తం ముందు వాచీలోనే రికార్డవుతుంది. చాలా మోడళ్లలో కేబుల్ పెట్టి ఆ ఫైళ్లను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవచ్చు. 2020 జూలైలో సైబర్ దాడి జరిగి గార్మిన్ సర్వర్లు కొన్ని రోజులు పడిపోయినప్పుడు, సింక్ (వాచీలోని లెక్క ఫోన్ యాప్‌లోకి చేరడం) ఆగింది కానీ వాచీలు పరుగు లెక్కించడం ఆపలేదు. అదే నాకు కావలసింది. లోపాలూ ఉన్నాయి. పరుగు కోసం చేసిన మామూలు మోడలైనా మన జేబుకు బరువే. 2025 మార్చిలో కనెక్ట్ ప్లస్ అని నెలవారీ చందా పెట్టారు. ప్రస్తుతానికి పాత సౌకర్యాలు ఉచితమే అయినా, కొత్తవన్నీ ఆ గోడ వెనక చేరతాయేమోనన్న టెన్షన్ వాడేవాళ్లలో ఉంది. ఆ భయం అర్థం లేనిదని నేను అనను. రిపేరు వస్తే వరంగల్‌లో ఎవరు చూస్తారో కొనకముందే కనుక్కోండి. హైదరాబాద్‌కు పంపాల్సి వస్తే ఎన్ని రోజులు పడుతుందో కూడా అడగండి.

మూడోది, స్టేషన్ రోడ్డులో ఏ మొబైల్ షాపులో చూసినా వేలాడే పదిహేను వందల నుంచి మూడు వేల రూపాయల వాచీలు: నాయిస్, బోట్, ఫైర్‌బోల్ట్ లాంటివి. వీటిని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. నిన్నటికంటే ఈరోజు ఎక్కువ నడిచామా తక్కువ నడిచామా అని చెప్పడానికి ఇవి చాలు. కంపెనీ రేపు యాప్ వదిలేసినా పోయేది రెండు వేలు. కానీ రెండు విషయాల్లో గట్టిగా హెచ్చరిస్తాను.

మొదటిది బీపీ, ఆక్సిజన్ అంకెలు. ఈ వాచీలు చర్మం మీద వెలుగు వేసి, తిరిగొచ్చిన దాన్ని బట్టి అంచనా కడతాయి. పట్టీ వదులైనా, చెమట పట్టినా లెక్క తప్పుతుంది. కొన్ని వాచీలను బల్ల మీద పెట్టినా పల్స్ చూపిస్తాయి. మే నెల ఎండల్లో చెమట కారుతూ నడిచే మన దగ్గర ఇది ఇంకా ఎక్కువ. మాత్ర వేసుకోవాలా, మానాలా అనేది వాచీని చూసి నిర్ణయించొద్దు. చేతికి పట్టీ కట్టి గాలి కొట్టే బీపీ మెషిన్ ఇంట్లో ఒకటి పెట్టుకోండి. రెండోది యాప్. కాంటాక్టులు, లొకేషన్, మెసేజీలు అన్నీ అడుగుతుంది. 2024 ఏప్రిల్‌లో బోట్ కస్టమర్లు దాదాపు 75 లక్షల మంది వివరాలు బయటపడ్డాయని వార్తలొచ్చాయి. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది కానీ, అనుమతి నొక్కేది మన వేలే. అడుగుల లెక్కకు కాంటాక్టులు ఎందుకని అనిపించినప్పుడు ఇవ్వకండి. చాలావరకు వాచీ అయినా నడుస్తూనే ఉంటుంది.

కాకతీయ యూనివర్సిటీలో, ఎన్ఐటీలో చదువుకునే పిల్లలకు ఇంకో దారి చెబుతాను. గాడ్జెట్‌బ్రిడ్జ్ అనే ఓపెన్‌సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) యాప్ ఉంది. షావోమీ, అమేజ్‌ఫిట్ బ్యాండ్లు చాలావాటిని కంపెనీ సర్వర్‌తో పని లేకుండా ఫోన్‌తో కలుపుతుంది, లెక్కంతా ఫోన్‌లోనే ఉంటుంది. ప్లే స్టోర్‌లో దొరకదు, ఇలాంటి ఓపెన్‌సోర్స్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్ నుంచి తెచ్చుకోవాలి. కొన్ని బ్యాండ్లకు మొదటిసారి కంపెనీ యాప్‌తో జతచేసి ఒక కీ (పాస్‌వర్డ్ లాంటి కోడ్) తీసుకోవాల్సి వస్తుంది. కాస్త ఓపిక కావాలి. కానీ ఏ బ్యాండ్ కొనాలన్నా ముందు దాని జాబితాలో ఆ మోడల్ ఉందో లేదో చూడమని చెబుతాను. ఉంటే, రేపు కంపెనీని ఎవరు కొన్నా మీ బ్యాండ్ బతుకుతుంది.

అసలు బ్యాండే లేకుండా ఫోన్ జేబులో పెట్టుకొని నడవడం నాలుగో దారి. ఖర్చు లేదు. అయితే అడుగులు లెక్కించే గూగుల్ ఫిట్ యాప్‌ను నమ్ముకోవద్దు. మిగతా యాప్‌లు దానితో కలిసే దారులు 2026 వరకే ఉంటాయని గూగుల్ ముందే చెప్పేసింది. ఆండ్రాయిడ్‌లో ఇప్పుడు హెల్త్ కనెక్ట్ ఉంది, అది లెక్కను ఫోన్‌లోనే దాస్తుంది, దాన్ని వాడండి.

ఇక ఎవరికి ఏది? షుగర్ కోసం, మోకాళ్ల కోసం నడిచే అరవై దాటినవాళ్లకు నా సలహా చవక వాచీయే, దాంతోపాటు నెలకోసారి సగటు అడుగులు డైరీలో రాసుకోవడం. “ఇంత మంచి జీతం ఉన్న కొడుకు, రెండు వేల వాచీ కొనిచ్చిండా” అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. కానిస్టేబుల్ పరుగు సాధన చేసేవాళ్లకు కొత్తలో వాచీయే అక్కర్లేదు. కొలత తెలిసిన ట్రాక్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు, మిగిలిన డబ్బు మంచి బూట్ల మీద పెట్టండి. హాఫ్ మారథాన్‌ల దాకా వచ్చినవాళ్లు, ఏడాదికి ఏడాది లెక్క పోల్చుకునేవాళ్లు మాత్రం డబ్బు కూడబెట్టి గార్మిన్ తీసుకుంటే పశ్చాత్తాపపడరు. కొత్తగా ఫిట్‌బిట్ కొనమని నేను ఎవరికీ చెప్పను. ఇన్‌స్పైర్ 3 చేతికి తేలికగా, నిద్ర లెక్కకు బాగుంటుంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అది 2022లో వచ్చింది, ఛార్జ్ 6 2023లో వచ్చింది. గూగుల్ చూపే పిక్సెల్ వాచీ మీద ఉన్నప్పుడు ఆ బ్యాండ్లకు ఎన్నాళ్లు అప్‌డేట్లు వస్తాయని నమ్మాలి?

ఇప్పటికే ఫిట్‌బిట్ ఉన్నవాళ్లు దాన్ని పారేయాల్సిన పని లేదు. బ్యాటరీ నిలబడినన్నాళ్లు వాడుకోండి. కాకపోతే ఈ ఆదివారమే ఒక పని చేయండి. మీ ఖాతా గూగుల్‌లోకి మారి ఉంటే, మన సమాచారాన్ని దించుకోవడానికి గూగుల్ ఇచ్చిన టేకౌట్ అనే పేజీలోకి వెళ్లి ఫిట్‌బిట్ అన్నదానికి టిక్ పెట్టి మొత్తం లెక్క దించుకోండి. జిప్ ఫైల్ తయారయ్యాక మెయిల్‌కు లింకు వస్తుంది. దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోనూ, ఇంట్లో కంప్యూటర్ ఉంటే అందులోనూ పెట్టండి. పెద్దవాళ్ల బ్యాండ్ అయితే, ఖాతా అమెరికాలో ఉన్న పిల్లల మెయిల్‌తో తెరిచి ఉండే అవకాశం ఎక్కువ. ముందు వాళ్లకు ఫోన్ చేసి ఏ మెయిలో, పాస్‌వర్డ్ ఏమిటో కనుక్కోండి.