మతాల పోలికల మీద వీడియో ఇన్‌స్టాలేషన్: మాటలు చూపాలా, చేతలు చూపాలా? ఏది మేలు?

"అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే" అన్న మాట వినీ వినీ అరిగిపోయింది. దాన్నే పెద్ద తెర మీద, వెలుగులతో, సంగీతంతో మళ్లీ చెబితే వచ్చినవాళ్లు తల ఊపి వెళ్లిపోతారు. కొన్ని నెలలుగా మా చిన్న బృందం ఇలాంటి ఇంటరాక్టివ్ వీడియో ఇన్‌స్టాలేషన్ (చూసేవాళ్లు చేసే పనికి స్పందించే వీడియో తెరల గది) ఒకటి ప్లాన్ చేస్తోంది. అడుగడుగునా రెండు మూడు దారులు ఎదురయ్యాయి. ఏ దారి ఎందుకు పట్టామో, ఏది ఎందుకు వదిలేశామో రాస్తే ఇలాంటి పనికి దిగే ఇంకొకరికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను పట్టుకున్న కొలబద్ద ఒకటే: పోలికను తెర చెప్పేయకూడదు, చూసే మనిషి చేతికి అది తగలాలి.

సూక్తులు, జీవిత ఘట్టాలు, చేతలు

అందరికీ ముందుగా తట్టేది సూక్తులు. నీకు ఇష్టం లేనిది ఎదుటివాళ్లకు చేయకు అన్న భావం మహాభారతం అనుశాసన పర్వంలో ఉంది. యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో హిల్లెల్ అనే గురువు చెప్పినట్టు ఉంది. చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ బోధల్లోనూ ఉంది. మత్తయి సువార్త 7:12లో ఇతరులు మీకేం చేయాలని కోరుకుంటారో అదే వాళ్లకు చేయమని ఉంది. తనకోసం కోరుకునేదే తన సోదరుడి కోసమూ కోరుకోనంతవరకు ఎవరూ నిజమైన విశ్వాసి కారని ఒక హదీసు (ప్రవక్త ముహమ్మద్ చెప్పినట్టు నమోదైన మాట) చెబుతుంది. 1993లో చికాగోలో ప్రపంచ మతాల పార్లమెంటు జరిగినప్పుడు క్యాథలిక్ వేదాంతి హాన్స్ క్యుంగ్ ముసాయిదా రాసిన ప్రపంచ నైతికత ప్రకటన కూడా ఈ సూత్రానికే పెద్ద పీట వేసింది.

ఈ దారిలో సుఖం ఉంది. షూటింగ్ అక్కర్లేదు, అక్షరాలు కదిలిస్తే చాలు. కానీ దగ్గరగా చూస్తే చిక్కులు బయటపడతాయి. భారతం, హిల్లెల్, కన్ఫ్యూషియస్ "చేయకు" అంటే మత్తయి "చేయి" అంటాడు. రెండూ ఒకటేనా అన్నదే పెద్ద చర్చ. హదీసులోని సోదరుడు తోటి ముస్లిమా, తోటి మనిషా అన్న దగ్గర వ్యాఖ్యాతలకే అభిప్రాయ భేదాలున్నాయి. ఒక్కో వాక్యాన్ని దాని సందర్భం నుంచి కత్తిరించి అనువాదంలో నున్నగా చేస్తే, అన్నీ ఒకే మనిషి రాసినట్టు కనిపిస్తాయి. అప్పుడు ఆ పోలిక మతాల్లో ఉన్నది కాదు, అనువాదకుడు తెచ్చిపెట్టింది. పైగా వాక్యాలు చదవడానికి ఎవరికైనా పుస్తకం మేలు, దానికి చీకటి గది ఎందుకు?

రెండో దారి పుట్టుక, యుక్తవయసు, పెళ్లి, చావు. ఈ వరుస బాగా నిలబడుతుందని రెండు మ్యూజియంలు ఇప్పటికే చూపించాయి. 1993లో తెరిచిన గ్లాస్గోలోని సెయింట్ ముంగో మ్యూజియం, 2001లో తెరిచిన, తైవాన్‌లోని న్యూ తైపేలో ఉన్న ప్రపంచ మతాల మ్యూజియం రెండూ జీవిత దశల వరుసలో మతాలను పక్కపక్కన పెట్టాయి. వాటిని గదుల కొద్దీ నడుస్తూ చూడాలి. ఒక్క గది ఉన్నవాళ్లకు అది మోయలేని బరువు. చావు దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని కెమెరా పెట్టుకోనివ్వమని ఏ ముఖంతో అడుగుతాం?

మేము ఎంచుకున్నది చేతలు. నీళ్లతో శుభ్రం చేసుకోవడం, దీపం వెలిగించడం, పూసలు లెక్కపెట్టడం, చుట్టూ తిరగడం, చెప్పులు విడవడం. నమాజుకు ముందు కడుక్కునే వజూ చేసే చేతులు, జపాన్‌లోని షింటో ఆలయం ముంగిట గరిటెతో నీళ్లు పోసుకునే చేతులు, గుడి కోనేట్లో దోసిలి పట్టే చేతులు వరుసగా చూస్తే ఎవరూ వివరించక్కర్లేదు. చేతులు మాత్రమే తీయడం వల్ల ఇంకో మేలు జరిగింది. ప్రవక్త ముహమ్మద్ రూపం చూపకూడదని ముస్లింలలో ఎక్కువమంది, దేవుడికి రూపం గీయకూడదని యూదులు పాటిస్తారు. ముఖాలూ మూర్తులూ లేని వీడియోలో ఆ సమస్య తలెత్తదు.

ఒక్క జాగ్రత్త. ప్రతి మతాన్నీ ప్రతి పనిలో ఇరికించకూడదు. యూదు సంప్రదాయంలో జపమాల లేదు. ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది రోజరీ (క్యాథలిక్కుల పూసల దండ) వాడరు, కాబట్టి ఆ వీడియోకి "క్రైస్తవం" అని కాకుండా "క్యాథలిక్" అని పేరు పెట్టాలి. లేనిచోట ఉన్నట్టు చూపడం కన్నా ఆ తెర ఖాళీగా ఉండటమే గౌరవం.

కరిగించి కలపడమా, పక్కపక్కన పెట్టడమా

మాలో మేము ఎక్కువగా వాదించుకున్నది ఇక్కడే. మొదటి పద్ధతిలో ఒక దృశ్యం మెల్లగా కరిగి ఇంకో దృశ్యం అవుతుంది. హారతి పట్టిన చెయ్యి కొవ్వొత్తి పట్టిన చెయ్యిగా, అది యూదుల హనుక్కా పండుగ దీపం ముట్టించే చెయ్యిగా మారుతుంది. చూడటానికి చాలా బాగుంటుంది, మొదటి నమూనాలో నాకూ ఒళ్లు పులకరించింది. రెండో పద్ధతిలో మూడు తెరలు, మూడు దృశ్యాలు, వేటి చోట అవి.

ప్రదక్షిణ దృశ్యాల దగ్గరికి వచ్చేసరికి తేడా తెలిసింది. కాబా చుట్టూ ఏడు సార్లు చేసే తవాఫ్‌లో కాబా ఎడమ చేతి వైపు ఉంటుంది, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతారు. గుడి ప్రదక్షిణలో, బౌద్ధ స్తూపం చుట్టూ నడకలో కుడి చెయ్యి లోపలి వైపు ఉంటుంది. టిబెట్‌లోని బోన్ సంప్రదాయం వాళ్లు బౌద్ధులకు ఎదురు దిశలో తిరుగుతారు. వీటిని కరిగించి ఒకటి చేయాలంటే ఏదో ఒక వీడియోని అద్దంలో చూసినట్టు తిప్పేయాలి. ఎడిటింగ్‌లో అది ఒక్క క్లిక్ పని. ఆ క్లిక్‌తో ఒక సమాజం తరతరాలుగా నడిచిన దిశ తారుమారైపోతుంది. ఒక ముస్లిం ఆ దృశ్యం చూస్తే మొదటి క్షణంలోనే తప్పు పట్టేస్తాడు, ఆ తర్వాత మేము చూపే ఏ పోలికనూ నమ్మడు.

పక్కపక్కన పెడితే మూడు గుంపులూ తిరుగుతూనే ఉంటాయి, ఒకటి ఎదురు దిశలో. మధ్యలో ఏదో ఉంది, దాన్ని వదిలి పోలేక చుట్టూ నడుస్తున్నారు. పోలిక అంతే, దిశ ఎవరిది వాళ్లదే. ఈ రెండూ ఒకేసారి కనిపించడమే నాకు కావాల్సింది. లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో వీడియో కళాకారుడు బిల్ వయోలా 2014లో పెట్టిన వీడియోలోనూ నాలుగు నిలువు తెరలు పక్కపక్కనే, శబ్దం లేకుండా నడుస్తాయి. ఒకదాన్నొకటి మింగేయకుండా తెరలు ఎలా కలిసి ఉండగలవో దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

మక్కాలోకి ముస్లింలు కానివారికి ప్రవేశం లేదు. కాబట్టి తవాఫ్ దృశ్యాన్ని అక్కడికి వెళ్లిన ముస్లిం ఛాయాగ్రాహకుడి దగ్గరే, అనుమతితో తీసుకోవాలి. ఈ పని ఆఖరికి పెట్టుకోకండి.

తాకే తెర, కెమెరా, వస్తువు

టచ్‌స్క్రీన్ అందరికీ అలవాటే. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు అందే ఎత్తులో పెట్టడం తేలిక, పాడైతే మార్చడమూ తేలిక. దాని లోపం ఏమిటంటే, తెర మీద ఆరు మతాల గుర్తులు కనబడగానే అది మెనూ అయిపోతుంది. నేనైతే ముందు నాదే నొక్కుతాను, సరిగ్గా చూపించారో లేదో చూసి పక్కకు జరుగుతాను. పోలికల కోసం కట్టిన గదిలో మనిషిని మొదటి అడుగులోనే "నీది ఏది?" అని అడిగినట్టు అవుతుంది.

కెమెరా దారి ఊరించేలా ఉంటుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేర్ మామూలు వెబ్‌క్యామ్‌తోనే శరీరం మీద 33 బిందువులు, ఒక్కో చేతి మీద 21 బిందువులు పట్టుకుంటుంది. (పాత ప్లాన్లలో కదలికలు పట్టే కినెక్ట్ కెమెరా అని రాసి ఉంటే దాని మీద ఆశ పెట్టుకోవద్దు, మైక్రోసాఫ్ట్ ఆఖరి మోడల్ తయారీ కూడా 2023లో ఆపేసింది.) చేతులు జోడిస్తే ఒక దృశ్యం, వంగితే ఇంకొకటి, దోసిలి పడితే మరొకటి అని మేమూ రాసుకున్నాం. కానీ మా వాళ్లలో ఒకావిడ అడిగిన ప్రశ్నతో అది ఆగిపోయింది. "నా దేవుడి ముందు తప్ప ఎక్కడా వంగను. మీ తెర ముందు ఎందుకు వంగాలి?" ఆవిడ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఒకరి ప్రార్థన భంగిమను ఇంకొకరి చేత స్విచ్ నొక్కినట్టు వేయించడం ఇద్దరికీ అవమానమే. చీకట్లో కెమెరా తడబడటం, గుంపులో ఎవరి చెయ్యి ఎవరిదో తెలియకపోవడం లాంటివి ఆ తర్వాతి సమస్యలు.

మిగిలింది వస్తువు. నీళ్ల గిన్నె, దీపం, పూసల దండ. వీటిని ముట్టుకోవడం ఏ మతానికీ లొంగడం కాదు. నీళ్ల గిన్నె పింగాణీదో చెక్కదో అయితే బయటి వైపు అంటించిన కెపాసిటివ్ సెన్సర్‌తో చెయ్యి దగ్గరికి రావడం తెలుస్తుంది, తడి ఎక్కడా కరెంటును తాకదు. దీపం దగ్గర మేము దాదాపు పెద్ద తప్పు చేయబోయాం. ఊదితే తెర మీద దీపాలన్నీ ఆరిపోవాలని మొదట అనుకున్నాం. జొరాస్ట్రియన్ (పార్సీల మతం) పూజారులు తమ ఊపిరి పవిత్రాగ్నికి తగలకూడదని నోటికి గుడ్డ కట్టుకుంటారు. పూజ దీపాన్ని నోటితో ఊదకూడదని హిందూ ఇళ్లలోనూ పెద్దలు చెబుతారు. అందుకే ఊదడం తీసేసి, గాలికి అడ్డం పెట్టినట్టు అరచెయ్యి చుట్టితే జ్వాల నిలకడగా వెలిగేలా మార్చాం. ఇది మొదటి ఆలోచన కన్నా అందంగా కుదిరింది కూడా.

నేల మీద ప్రొజెక్షన్ గురించి ఒక్క మాట: వద్దు. ఏ గ్రంథంలోని అక్షరమైనా, ఏ దేవుడి పేరైనా కాళ్ల కింద పడితే ఇక వివరణలు పనిచేయవు.

తెరలా, ప్రొజెక్టరా అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. ముందు నుంచి ప్రొజెక్టర్ వేస్తే వస్తువు దగ్గరికి వచ్చిన మనిషి నీడే దృశ్యం మీద పడుతుంది. నిలువుగా పెట్టిన మూడు మామూలు స్క్రీన్లు చాలు. శబ్దం విషయంలో కొంచెం కఠినంగా ఉండాలి. ఖురాన్ పారాయణను మధ్యలో కోసి నేపథ్య సంగీతంలా వాడకూడదు. మంత్రానికైనా, కీర్తనకైనా అదే మర్యాద. నీళ్ల చప్పుడు, పూస మీద పూస పడే టిక్కు టిక్కు ఉంటే చాలు.

ముందు ఏది కట్టాలి?

పూసలు. ఇందులో నాకు సందేహమే లేదు.

హిందూ, బౌద్ధ జపమాలల్లో 108 పూసలు. ముస్లింల పూసల దండ తస్బీహ్‌లో 33 గానీ 99 గానీ. క్యాథలిక్ రోజరీలో 59: దండలో 54, శిలువ వైపు వేలాడే పోగులో 5. రోజరీని తెలుగు క్యాథలిక్కులు కూడా జపమాల అనే అంటారు, అంటే మన భాష ఈ పోలికను ఎప్పుడో పసిగట్టింది.

మా ప్లాన్ ఇది. ఏ మతానికీ చెందని సాదా చెక్క పూసల దండ ఒక గాడులున్న చక్రం మీద వేలాడుతుంది. ఎవరి పవిత్ర వస్తువునూ మీటలా వాడకూడదు కాబట్టి సాదా పూసలే. చక్రం ఇరుసుకు రోటరీ ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్), దానికి ఆర్డుయినో (చిన్న కంట్రోలర్ బోర్డు). ఒక పూస లాగితే మూడు తెరల మీద మూడు చేతులూ ఒక్కో పూస జరుపుతాయి. చెయ్యి కదిలాక సెకనులో పదో వంతు దాటి తెర కదిలితే ఆ బంధం తెగిపోతుంది. అందుకని ప్రతి ఫ్రేమూ విడిగా దాచే హ్యాప్ లాంటి కోడెక్‌లో (వీడియోని కుదించి దాచే పద్ధతి) వీడియో పెట్టుకోవాలి, మామూలు ఎంపీ4 ఇలా ముందుకూ వెనక్కూ జరిపితే తడబడుతుంది.

వేగం విషయంలో ఒక చిక్కు వచ్చింది. సెకనుకో పూస లాగితే 108 పూసలు రెండు నిమిషాల్లోపే అయిపోతాయి. నిజంగా రోజరీ చెప్పుకునేవాళ్లకు పావుగంట పైనే పడుతుంది. గబగబా లాగే చేతికి తెర లొంగితే అది ఆట అవుతుంది, లొంగకపోతే చెడిపోయిందనుకుంటారు. సాఫ్ట్‌వేర్‌తో ఎన్ని తంటాలు పడ్డా దీనికి జవాబు దొరకలేదు. చివరికి చక్రాన్నే బరువుగా చేశాం. ఇప్పుడు పూస నెమ్మదిగానే వస్తుంది, చెయ్యి దానంతట అదే నిదానిస్తుంది.

అలా లాగుతూ పోతే 33వ పూస దగ్గర తస్బీహ్ పట్టిన చెయ్యి ఒక్క ఊపిరి ఆగి మళ్లీ మొదటి పూసకు వస్తుంది, మిగతా రెండూ సాగుతూనే ఉంటాయి. 59 దగ్గర రోజరీ పూర్తవుతుంది, ఆ చెయ్యి ఆగుతుంది. 99 దగ్గర తస్బీహ్ మూడో చుట్టు ముగించి ఆగుతుంది. ఇక జపమాల ఒక్కటే మిగులుతుంది. 108 తర్వాత మేరు పూస (మాల మొదలూ చివరా కలిసే పూస) వస్తే దాన్ని దాటకూడదు, మాలను వెనక్కి తిప్పుకోవాలి. లాగే మనిషి ముందుకే లాగుతున్నా తెర మీద ఆ చెయ్యి మాలను తిప్పి, వచ్చిన దారిలోనే మళ్లీ మొదలుపెడుతుంది. ఆ క్షణంలో తెర మీద ఏమీ రాయం.