‘హౌ ఐ మెట్ యువర్ మదర్’ డీవీడీ సెట్ కొనేవాళ్లూ, జాగ్రత్త

వైజాగ్‌లో ఈ అమెరికన్ సిట్‌కామ్ (కామెడీ సీరియల్) అంటే పడిచచ్చేవాళ్లు చాలామందే ఉన్నారని తెలుసు కాబట్టి రాస్తున్నాను. “ఫుల్ సెట్టండీ, టీవీలో రాని రెండో క్లైమాక్స్ కూడా ఉంది, ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది” అంటూ ఒకాయన ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ బాక్సులు అమ్ముతున్నాడు. ఆ మాట నమ్మి డబ్బులు పంపకండి.

ఎంవీపీ కాలనీలో మా ఇంటికి పార్సిల్ వచ్చింది. మొదటి డిస్క్ పెట్టగానే రీజియన్ (ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకె) తప్పు అని టీవీ మీద చూపించి ఆగిపోయింది. అట్ట వెనక చిన్న భూగోళం బొమ్మలో 1 అని ఉంది, అంటే అమెరికా, కెనడా వాళ్లకి చేసిన డిస్కులు, మనది రీజియన్ 5. ఫోన్ చేస్తే “ల్యాప్‌టాప్‌లో చూసుకోండి సార్, వెనక్కి మాత్రం తీసుకోను” అన్నాడు. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో రీజియన్ మామూలుగా ఐదుసార్లే మార్చనిస్తుంది, తర్వాత చివరిగా పెట్టినదాని మీదే లాక్ అయిపోతుంది, అది మాత్రం చెప్పలేదు. అంతకన్నా ఘోరం తొమ్మిదో సీజన్. మిగతా డిస్కులు అడుగున వెండి రంగులో ఉంటే ఇవి ఊదారంగులో ఉన్నాయి, ఎవరో ఇంట్లో కాపీ కొట్టినవి. వాటిలో టీవీలో వచ్చిన ముగింపే ఉంది, రెండోది లేదు.

ఆ రెండోది ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే కథ బయటపెట్టక తప్పదు, చూడనివాళ్లు చివరి పేరాకి వెళ్లిపోండి. 2005లో మొదలై 2014 మార్చి 31న ముగిసిన సీరియల్, 208 ఎపిసోడ్లు. పిల్లలకి వాళ్లమ్మ ఎలా పరిచయమైందో తండ్రి టెడ్ చెప్పే కథ. చివరి సీజన్ దాదాపు మొత్తం టెడ్ స్నేహితుడు బార్నీకి, టెడ్ ఒకప్పుడు ప్రేమించిన రాబిన్‌కి పెళ్లి జరిగే ఆ రెండుమూడు రోజుల్లోనే నడిపించి, తీరా ఆఖరి ఎపిసోడ్‌లో మూడేళ్లకే విడాకులన్నారు. విస్తరి వేసి లేపేసినట్టయింది. ఆ తల్లి ట్రేసీ, పసుపు గొడుగు కింద రైల్వే స్టేషన్‌లో టెడ్‌తో మాట్లాడే సీన్ చూసి నాకు కళ్లు చెమర్చాయి. కానీ కాసేపట్లోనే ఆమె జబ్బుచేసి చనిపోయిందని రెండు ముక్కల్లో తేల్చేశారు, టెడ్ మళ్లీ రాబిన్ కిటికీ కిందికి వెళ్లాడు. పిల్లలుగా వేసినవాళ్లు పెద్దవాళ్లయిపోతారని ముగింపులో వచ్చే వాళ్ల సీన్ 2006లోనే తీసిపెట్టుకున్నారు. ఆ తర్వాత పాత్రలు ఎంత మారినా ముగింపు మాత్రం మారలేదు, నా కోపమంతా అక్కడే. ట్రేసీగా వేసిన క్రిస్టిన్ మిలియోటి ఒక్క సీజన్‌లో అంత ప్రేమ సంపాదించుకున్నాక ఆ పాత ముగింపు పక్కన పెట్టాల్సింది.

రెండో ముగింపులో ఆమె చనిపోదు, టెడ్ కథ ఆమె దగ్గరే ఆగుతుంది. నాకు అదే అసలు ముగింపు. అయితే కొత్తగా తీసిందేమీ లేదు, ఉన్న సీన్లనే మళ్లీ ఎడిట్ చేసిన కొద్ది నిమిషాల ముక్క, కొత్త ఎపిసోడ్ అనుకుని వేలు పోయకండి.

ఎవరి దగ్గర కొన్నా సరే, డబ్బు కట్టేముందు అట్ట వెనక రీజియన్ అంకె, తొమ్మిదో సీజన్ డిస్కుల అడుగు భాగం ఫొటోలు అడగండి, రెండో ముగింపు ప్లే చేసి వీడియో పంపమనండి. కుదరదంటే వదిలేయండి.