ఆల్‌వీల్ డ్రైవ్ కారుకు ఏ శిక్షణ మేలు: బ్రేకు పాఠమా, బురద పాఠమా, ట్రాక్ పాఠమా?

నాలుగు చక్రాలూ లాగే కారు ఉంటే రోడ్డు మీద పట్టు ఎక్కువని చాలామంది నమ్మకం. బండి కదిలేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు అది నిజమే. ఆగేటప్పుడు ఆ సాయం ఉండదు. బ్రేకు పాత ఆల్టోకైనా కొత్త ఫార్చునర్‌కైనా నాలుగు చక్రాలకే పడుతుంది. ఆపే పని టైరుదీ, తారుదీ, తొక్కే కాలిదీ. అందుకే కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇలాంటి బండి ఉండి ఏదో ఒక కోర్సు చేద్దామనుకునేవాళ్లకు మా మాట ముందే చెప్పేస్తున్నాం. మొదట ప్రమాదాన్ని ముందే పసిగట్టి తప్పించుకోవడం నేర్పే డిఫెన్సివ్ కోర్సు, అది కూడా తడి నేల మీద గట్టిగా బ్రేకు వేయించేది. ఆఫ్‌రోడ్ కోర్సు బండిని బట్టి రెండోది. రేస్ ట్రాక్ సరదా ఉన్నవాళ్లకు, అన్నిటికంటే చివర.

కోర్సు వెతికే ముందు బండి ఏ రకమో తేల్చుకోవాలి. షోరూములో అన్నిటినీ ఫోర్ బై ఫోర్ అనే అంటారు గానీ లోపల రెండు జాతులున్నాయి. మూడు తలుపుల థార్, జిమ్నీ, ఫార్చునర్ లాంటివి పార్ట్‌టైమ్ రకం. టూ హైలో, అంటే రెండు చక్రాలకే బలం పోయే స్థానంలో ఉన్నంతసేపూ అవి వెనక చక్రాలతో నడిచే బండ్లే. గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో వచ్చిన ఆల్‌వీల్ డ్రైవ్ రకం, కంపాస్ ఫోర్ బై ఫోర్ లాంటివి మామూలుగా ముందు చక్రాలతో నడుస్తూ, జారుడు పసిగట్టినప్పుడు వెనక్కి బలం పంపిస్తాయి.

ఈ తేడా తెలియని శిక్షకుడి దగ్గర డబ్బు పెట్టొద్దు. వానలో టూ హైలో పోతున్న జిమ్నీ మలుపులో వెనక భాగం జారిస్తుంది. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, చూపు పోవాల్సిన వైపే ఉంచి, తోక జారిన దిక్కుకే స్టీరింగ్ తిప్పాలి. రెండో రకం బండి అదే మలుపులో ముక్కు బయటికి తోసుకుపోతుంది. అక్కడ స్టీరింగ్ ఇంకా తిప్పినకొద్దీ ముందు టైర్లు ఇంకా జారతాయి. నాలుగు చక్రాలు లాగేస్తాయిలే అని యాక్సిలరేటర్ తొక్కితే మీడియన్ ఎక్కుతుంది. కాలు తీసి, స్టీరింగ్ కొంచెం వెనక్కి తెచ్చి, ముందు టైరు మళ్లీ పట్టుకునేదాకా ఆగాలి. ఒకే పాఠం రెండు బండ్లకూ చెప్పేవాళ్లు సగమే చెబుతున్నట్టు.

పార్ట్‌టైమ్ బండివాళ్లకు ఇంకో మాట. వానకు భద్రత అనుకుని ఫోర్ హై (నాలుగు చక్రాలకూ బలం, మామూలు గేర్లు) వేసి, తారు ఆరిపోయాక కూడా అలాగే నడుపుతుంటారు. ముందు, వెనక ఇరుసులను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ వీటిలో ఉండదు. మలుపులో ముందు ఇరుసు, వెనక ఇరుసు వేర్వేరు దూరాలు తిరగాలి, పొడి తారు మీద తిరగలేవు. షాఫ్టులు మెలిపడతాయి, స్టీరింగ్ బిగుస్తుంది, టైర్లు గీరుకుపోతాయి, భారమంతా రెండు ఇరుసులకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది.

డిఫెన్సివ్ కోర్సు

గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ఎదుట ఏదో కనబడి కాలు బ్రేకు మీదికి వచ్చేసరికి ఒక సెకను పోయిందనుకుంటే ఆ 22 మీటర్లూ పోయినట్టే. మంచి టైర్లు, పొడి తారు ఉంటే ఆగడానికి ఇంకో 30 మీటర్ల పైన కావాలి. తడి రోడ్డయితే దాదాపు 50. వేగం 100 అయితే కాలు కదిలేలోపు 28, తర్వాత పొడిలో సుమారు 50, తడిలో 80 మీటర్ల దాకా. అంటే మసక వానలో 100లో పోయేవాడికి వంద మీటర్ల పైన ఖాళీ ఉండాలి. కాగితం మీద ఇది అందరికీ అర్థమవుతుంది. ఒకసారి సీటు బెల్టు ఛాతీకి బిగిసేలా బ్రేకు వేసి, దిగి అడుగులతో కొలుచుకుంటే గానీ ఒంటికి పట్టదు. కోర్సులో మనం కొనుక్కునేది ఇదే.

మన రోడ్లకు ఇదే ఎక్కువ అవసరం. 44వ జాతీయ రహదారి మీద కర్నూలు నుంచి గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా పోతుంటే మీడియన్ సందులోంచి రాంగ్ రూట్‌లో వచ్చే బైకు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ కూడా లేని వేరుశనగ కట్టె ట్రాక్టరు, పక్కన ఆపామనుకుని సగం లేన్‌లోనే ఆపిన లారీ, సాయంత్రం రోడ్డు దాటే గొర్రెల మంద తగులుతాయి. లోపలి రోడ్ల మీద కోతల కాలంలో జొన్న కంకులు, కంది కట్టె తారు మీదే పరిచి వచ్చేపోయే బండ్లతో తొక్కిస్తారు. ఆ పరుపు మీద బ్రేకు వేస్తే టైరుకు తారు అందదు, బండి నేరుగా జారుకుంటూ పోతుంది. దాని ముందే వేగం తగ్గించి, దాని మీద బ్రేకూ స్టీరింగూ ముట్టకుండా దాటాలి. ఇక్కడ నాలుగు చక్రాల బలంతో పనేమీ లేదు.

మంచి కోర్సులో మొదటి గంట సీటుకే పోతుంది, పోవాలి కూడా. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి. బ్రేకు అడుగుదాకా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు దగ్గర. హవాయి చెప్పులతో రానివ్వరు. డోరు అరలోని నీళ్ల సీసా తీయిస్తారు, ఎందుకంటే గట్టి బ్రేకుకు అది దొర్లి పెడల్ కిందికి చేరుతుంది.

తర్వాత బ్రేకు. 40తో మొదలుపెట్టి 60, 80 దాకా తీసుకుపోతారు. దాదాపు అందరూ చేసే తప్పు ఒకటే, తగినంత గట్టిగా తొక్కరు. గట్టి బ్రేకుకు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేయడం మొదలవగానే పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది. ఏదో విరిగిందనుకుని కాలు సడలిస్తారు. సడలించగానే ఆగే దూరం పెరిగిపోతుంది. పాత అంబాసిడర్ అలవాటుతో కొందరు బ్రేకు వదిలి వదిలి పంపు కొడతారు. ఏబీఎస్ బండిలో ఆ పని అదే చేసుకుంటుంది, మనం చేస్తే చెడగొట్టినట్టే. ఒకేసారి పూర్తిగా తొక్కి, ఆగేదాకా వదలకుండా, తొక్కుతూనే స్టీరింగ్ తిప్పి అడ్డాన్ని తప్పించడం నేర్వాలి. చూపు అడ్డం మీద ఉంటే బండి అడ్డం మీదికే పోతుంది, ఖాళీ వైపు చూడాలి.

బుక్ చేసేముందు నిర్వాహకుడిని అడగాల్సినవి: తడిపిన స్కిడ్ ప్యాడ్ (జారుడు సాధనకు వేసిన నేల) ఉందా? మా సొంత కారుతోనేనా, మీ కారుతోనా? ఒక్కో శిక్షకుడికి ఎంతమంది? ఒక్కొక్కరికి గట్టి బ్రేకులు ఎన్నిసార్లు వేయిస్తారు? ఒక్కో శిక్షకుడికి నలుగురు దాటితే రోజంతా వరసలో నిలబడటంతోనే సరిపోతుంది. స్లైడ్ షో చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సులు కంపెనీల హెచ్ఆర్ వాళ్లకు పనికొస్తాయి, డ్రైవరుకు కాదు. కార్ల కంపెనీలు పిలిచే డ్రైవ్ ఈవెంట్లు కూడా ఇంచుమించు అంతే. బండి ఏం చేయగలదో చూపిస్తారు, మీరు ఏం చేయలేకపోతున్నారో చెప్పరు.

ఎక్కడికి పోవాలంటే, అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్. రెండూ సుమారు 210 కిలోమీటర్లు, 44 మీదే. కడప వాళ్లకు రాజంపేట, రేణిగుంట మీదుగా చెన్నై వైపు దగ్గర. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో లక్షల కార్లు తయారవుతుంటే, వాటిని ఆపడం నేర్చుకోవడానికి పక్క రాష్ట్రానికి పోవాల్సి రావడం మన ప్రాప్తం.

ఊళ్లోని మామూలు డ్రైవింగ్ స్కూలు దీనికి బదులు కాదు. అక్కడ నేర్పేది లైసెన్సు పరీక్షకు. 2021లో కేంద్రం తెచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతిలో కారు కోర్సు 29 గంటలు, అందులో 21 గంటలు ప్రాక్టికల్. కొత్తగా నేర్చుకునే ఇంట్లో పిల్లలకు అది మంచిదే.

ఆఫ్‌రోడ్ కోర్సు

ఫోర్ లో, అంటే నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేర్లు ఉన్న బండి ఉండి, పొలాల్లోకి, చిత్రావతి, పెన్న ఇసుకలోకి పోయే పని ఉన్నవాళ్లకు ఇది అక్కరకొస్తుంది. గ్రాండ్ విటారా లాంటి బండివాళ్లు దీనిమీద డబ్బు పెట్టనక్కర్లేదు. లో రేంజ్ గేర్లు లేని బండిని గంటసేపు ఇసుకలో తన్నిస్తే వెనక్కి బలం పంపే క్లచ్ ప్యాక్ వేడెక్కి తనను తానే ఆపుకుంటుంది, అప్పుడది మామూలు ముందు చక్రాల కారే. మహారాష్ట్రలో ఇగత్‌పురి దగ్గర మహీంద్రా పెట్టిన ఆఫ్‌రోడ్ అకాడమీ పేరున్నది గానీ మనకు చాలా దూరం. బెంగళూరు చుట్టుపక్కల ఫోర్ బై ఫోర్ బృందాల ఒకరోజు శిక్షణ చాలామందికి చాలు.

నేర్చుకోవాల్సిన అసలు సంగతులు మూడు. టైరు గాలి, వాలులో దిగడం, ఇరుక్కున్న బండిని తీయడం. ఇసుకలో గాలి 18 నుంచి 20 పీఎస్ఐకి దించితే టైరు పరుచుకుని బండి తేలుతుంది. 15 కంటే తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. తారు ఎక్కేముందు మళ్లీ నింపుకోవడానికి కంప్రెసర్ బండిలోనే ఉండాలి. తక్కువ గాలితో హైవే మీద పోతే టైరు పక్కలు వేడెక్కి పగులుతాయి. తడిసిన నల్లరేగడికి మాత్రం ఈ ఉపాయం అంతగా పనిచేయదు. కర్నూలు, ఆదోని వైపు రైతులకు తెలిసిందే, ఆ మట్టి టైరు గాడుల్లో నిండిపోయి నాలుగు టైర్లూ నున్నగా గుండైపోతాయి. ఆరేదాకా ఆగడమే మేలు.

బండి తీసేటప్పుడు తాడు టో బాల్‌కు (ట్రైలర్ తగిలించే ఇనుప గుండుకు) కట్టనివ్వొద్దు. అది బరువు లాగడానికే గానీ గుంజడానికి కాదు. విరిగితే ఇనుప గుండు తాడుతో సహా వెనక బండి అద్దంలోకి వస్తుంది, మనుషులు పోయారు ఇలాగే. చాసిస్‌కు బిగించిన రికవరీ హుక్కుకే కట్టాలి. లాగేటప్పుడు తాడు పొడవుకు రెండింతల దూరంలో ఎవరూ నిలబడకూడదు.

ట్రాక్

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది, 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లు. మనకు అందుబాటులో మొదటిదే, కడప నుంచి పోతే చెన్నై ఊళ్లోకి దిగనక్కర్లేదు. ఇక్కడ శిక్షణ ఇచ్చే స్కూళ్లు రేసింగ్ లైన్, ఎక్కడ బ్రేకు, ఎక్కడ మలుపు లోపలి అంచు తాకాలి, బ్రేకును మలుపులోకి ఎలా సడలించుకుంటూ పోవాలి, ఇవన్నీ నేర్పుతాయి. చూపును దూరంగా పెట్టడం, స్టీరింగ్‌నూ పెడల్‌నూ మెత్తగా వాడటం రోడ్డు మీదా ఉపయోగమే.

కానీ స్కూలు కారుతోనే చేయండి. సొంత ఎస్‌యూవీతో వద్దు. 1,700 కిలోల బండిని వరసగా నాలుగైదు ల్యాపులు గట్టిగా బ్రేకులు వేస్తూ తిప్పితే బ్రేకు ఫ్లూయిడ్ మరగొచ్చు. కొత్త డాట్ 4 రకం ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దగ్గరికి పడిపోతుంది. పెడల్ మెత్తగా నేలకు దిగిపోయేది అప్పుడే. రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చుంటే జరిగేది కూడా ఇదే. కింది గేరులో ఇంజన్‌తో దిగమనేది అందుకే. ఎత్తు బండ్లను ట్రాక్ మీదికి రానివ్వని నిర్వాహకులూ ఉన్నారు, వాళ్లను తప్పుబట్టలేం.

ఇన్సూరెన్స్ మాట మరవొద్దు. మామూలు కారు పాలసీలో వాడకం హద్దుల దగ్గర నిర్వహిత రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కు వర్తించదని రాసి ఉంటుంది. ట్రాక్ మీద గోడకు తగిలితే మీ జేబే. డిఫెన్సివ్ కోర్సుకు సొంత కారు తీసుకుపోయినా, ఇది శిక్షణ, పోటీ కాదు అని కోర్సు కాగితంలో ఉందో లేదో చూసుకోండి, కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. హైవే మీద స్నేహితులతో స్పీడ్ చూసుకుందామనుకునేవాళ్లకు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ఉంది: మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

కోర్సు అయ్యాక సాధన లేకపోతే కాలు మరిచిపోతుంది. ఊరి బయట సిమెంటు రోడ్లు వేసి ఇళ్లు లేని వెంచర్లు కావలసినన్ని. యజమాని అనుమతి తీసుకుని, వాచ్‌మన్‌కు చెప్పి, ముందు నడిచి ఇసుక, మూతలేని మ్యాన్‌హోళ్లు చూసుకుని, ఇసుక నింపిన సీసాలు గుర్తుగా పెట్టి 40లో పది బ్రేకులు వేయండి. అంతకు మించి వేగం అక్కడ వద్దు.

బయలుదేరే ముందురోజు టైర్ల గాడుల లోతు కొలవండి. చట్టం హద్దు 1.6 మిల్లీమీటర్లు, వాన పట్టుకు 3 కంటే తగ్గితే కష్టం. ఆల్‌వీల్ డ్రైవ్‌లో నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. రెండు కొత్తవి, రెండు అరిగినవి అయితే చుట్టుకొలత తేడాను జారుడనుకుని వెనక క్లచ్ ఊరికే పనిచేస్తూ వేడెక్కుతుంది. బ్రేకు ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించండి. దారిలో బండి ఆగిపోతే రెండు చక్రాలు ఎత్తి లాక్కుపోయే క్రేన్ రానివ్వొద్దు, నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్డే కావాలని ఫోన్‌లోనే చెప్పండి.