స్ప్రింగ్‌షార్పా, అల్టిమేట్ అడ్మిరల్: డ్రెడ్‌నాట్సా?

చరిత్రలో ఎవరూ కట్టని బ్యాటిల్‌షిప్ మనమే డిజైన్ చేద్దాం అనుకుంటే ముందు ఈ రెండిట్లో ఏదనే డౌటే వస్తుంది. స్ప్రింగ్‌షార్ప్ అనేది యుద్ధనౌకలు డిజైన్ చేసే కంప్యూటర్ ప్రోగ్రామ్, ఫ్రీ, త్రీడీ మోడల్ లాంటివేం ఉండవు, అన్నీ నంబర్లే. పొడవు, వెడల్పు, గన్స్, ఆర్మర్ మందం కొడితే రిపోర్ట్ ఇస్తుంది. యుద్ధనౌకల సైజుకి హద్దులు పెట్టిన 1922 వాషింగ్టన్ ట్రీటీలోని 35,000 టన్నుల లిమిట్‌లోనే 16 అంగుళాల గన్స్ తొమ్మిది పెట్టి, బెల్ట్ (ఓడ పక్కల ఉండే ఆర్మర్) మందంగా వేసి, పైగా 30 నాట్ల స్పీడ్ కూడా కావాలని ఆశపడ్డామా, కాంపోజిట్ స్ట్రెంత్ (ఓడ బాడీ ఎంత గట్టిగా ఉందో చెప్పే నంబర్) 1 కన్నా కిందకి జారిపోద్ది, ఇక మొదలు తిప్పలు, స్పీడ్ ఓ రెండు నాట్లు తగ్గించి ఇంజిన్ బరువు దించాలా లేక బెల్ట్ కోసేయాలా అని. నిజం డిజైనర్ల తలనొప్పీ అదే కదా!

అల్టిమేట్ అడ్మిరల్ కంప్యూటర్ గేమ్, కొనుక్కోవాలి. హల్ (ఓడ బాడీ) రెడీమేడ్‌గా వస్తుంది, దానిమీద టవర్లు, ఫన్నెల్స్ (పొగగొట్టాలు), గన్ టర్రెట్లు మనం పేర్చుకోవడమే, ముందువైపు బరువెక్కువైతే వెయిట్ ఆఫ్‌సెట్ (బ్యాలెన్స్ ఎంత తప్పిందో) చూపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, కట్టగానే యుద్ధంలోకి దింపొచ్చు, అది స్ప్రింగ్‌షార్ప్‌లో కుదరదు. కానీ హల్ షేప్ మొత్తం మన చేతిలో ఉండదు, అక్కడే నాకు నచ్చదు. ఆట కావాలంటే ఇది, లెక్క కావాలంటే స్ప్రింగ్‌షార్ప్.