గాలి ఒత్తిడా, రబ్బరు సంచా?

పంపు కొట్టి ఆడే నీళ్ల తుపాకుల్లో సూపర్ సోకర్‌ను మించిన పేరు లేదు. దాన్ని కనిపెట్టింది అమెరికన్ ఇంజనీర్ లోనీ జాన్సన్. 1982లో నీటితో నడిచే హీట్ పంపు (వేడిని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే యంత్రం) మీద ప్రయోగాలు చేస్తుంటే, నాజిల్ లోంచి దూసుకొచ్చిన ధార చూసి ఆయనకు ఈ ఆలోచన తట్టింది. 1990లో పవర్ డ్రెంచర్‌గా బజారుకొచ్చి, మరుసటి ఏడాది సూపర్ సోకర్ అయింది.

ఆ తొలి డిజైన్‌లో పనంతా గాలిదే. పంపు కొట్టేకొద్దీ ట్యాంకులో గాలి కుదించుకుపోతుంది. ట్రిగ్గర్ నొక్కితే వాల్వ్ తెరుచుకుంటుంది, గాలి నీటిని బయటికి తోస్తుంది. చిక్కల్లా, నీరు పోయేకొద్దీ గాలికి చోటు పెరుగుతుంది. చోటు రెట్టింపైతే ఒత్తిడి సగమే మిగులుతుంది. అందుకే మొదట దూరం వెళ్లిన ధార చివరికి కాళ్ల దగ్గరే పడుతుంది. ట్యాంకు మూతిదాకా నింపితే మరీ నష్టం. గాలికి చోటే ఉండదు కాబట్టి కాసిని నీళ్లు పోగానే ఒత్తిడి అయిపోతుంది. కొంత ఖాళీ వదిలి నింపాలి.

1996లో వచ్చిన సూపర్ సోకర్ మోడల్ సీపీఎస్ 2000 గాలిని పక్కన పెట్టింది. సీపీఎస్ అంటే కాన్‌స్టంట్ ప్రెజర్ సిస్టమ్, అంటే ఒత్తిడి మారని పద్ధతి. బ్రూస్ డిఆండ్రాడే రూపొందించిన ఈ పద్ధతిలో పంపు నీటినే మందపాటి రబ్బరు సంచిలోకి ఎక్కిస్తుంది. సాగిన రబ్బరు బిగుసుకుంటూ, చివరిదాకా దాదాపు ఒకే ఒత్తిడితో నీటిని నెడుతుంది. ధార లావుగా, నిలకడగా వస్తుంది. కానీ పంపు కొట్టడం కష్టం, బరువెక్కువ, రబ్బరు ఏళ్లు గడిస్తే పాడవుతుంది.

ఇంజనీరింగ్‌గా చూస్తే రెండోదే మేలు. అయినా చిన్నపిల్లలకు కొనాలంటే నా ఓటు మొదటిదానికే. తేలిక, ధార కూడా అంత గట్టిగా తగలదు.