విశాఖ తీరాన వేడినీళ్లు: సోలార్ హీటరా, హీట్ పంపా?

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్లలో పాత గీజరును మార్చదలచినవారి ముందు ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి: మేడ మీద పెట్టే సోలార్ వాటర్ హీటరు, గాలిలోని వేడిని గ్రహించి నీటికి అందించే హీట్ పంపు.

వంద లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి మామూలు గీజరుకు 4 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. ఫ్రిజ్ చేసే పనినే తిరగేసి చేసే హీట్ పంపుకు, తీరప్రాంతపు వెచ్చని తేమగాలి కలిసివస్తుంది కనుక, సుమారు ఒకటిన్నర యూనిట్లు చాలు. సోలారుకు ఎండ ఉన్నంతకాలం ఆ ఖర్చూ లేదు. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం మళ్లీ కరెంటు కాయిలే దిక్కు.

అసలు చిక్కు ఉప్పుగాలితోనే. హీట్ పంపులోని పలుచని అల్యూమినియం రెక్కలకు రక్షణ పూత లేకపోతే అవి తెల్లటి పొడిగా రాలడం మొదలవుతుంది. సోలారులోని గాజు గొట్టాలకు తుప్పు భయం లేదు గానీ, వాటిని మోసే ఇనుప స్టాండు బోల్టుల దగ్గర ఎర్రగా పొక్కుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలిని చూసినవారికి ఆ స్టాండును స్లాబుకు గట్టిగా బిగించాలని వేరే చెప్పనక్కరలేదు. సోలారులో గాజు గొట్టాలకు బదులు రాగి గొట్టాలున్న పలక (ఫ్లాట్ ప్లేట్) రకం కూడా ఉంది; బోరు నీరు కఠినమైనదైతే ఆ సన్నని రాగి గొట్టాల్లో గార పేరుకుంటుంది కాబట్టి, గాజు గొట్టాల రకమే మేలు.

సొంత మేడ ఉన్నవారికి నేను సోలారునే సూచిస్తాను. మేడ మీద హక్కు అందరిదీ అయిన అపార్ట్‌మెంటులో, గాలి ఆడే బాల్కనీ ఉంటే, హీట్ పంపు నయం.