రేడియో మర్రోనా, టీవీ మర్రోనా?
అమెరికన్ జర్నలిస్ట్ ఎడ్వర్డ్ మర్రో రేడియోలో గొప్పా, టీవీలో గొప్పా అంటే నా ఓటు రేడియోకే. రెండో ప్రపంచ యుద్ధ కాలం, 1940 ఆగస్టులో లండన్‌లో బాంబుదాడి సైరన్లు మోగుతుంటే, ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర మైకును నేల దగ్గరకు దించి, షెల్టర్‌కు వెళ్తున్న జనం అడుగుల చప్పుడును అమెరికాకు వినిపించాడు. ఎవరూ పరుగెత్తడం లేదు, మామూలుగా నడుస్తున్నారు. ఆ ఊరి ధైర్యం గురించి ఇంకేం చెప్పాలి! 1951లో, తాను రేడియోలో పనిచేసిన అమెరికన్ ప్రసార సంస్థ సీబీఎస్‌లోనే టీవీ ప్రోగ్రాం మొదలుపెట్టాడు, చేతిలో సిగరెట్, సూటిగా కెమెరాలోకి చూపు. 1954 మార్చిలో కమ్యూనిస్టులంటూ ఎంతోమందిపై నిందలు వేస్తున్న అమెరికా సెనేటర్ మెకార్తీని, ఎక్కువగా ఫిల్ముల్లో ఉన్న ఆ మెకార్తీ సొంత మాటలతోనే నిలదీశాడు. ఆ రోజుల్లో దానికి చాలా దమ్ము కావాలి, కాదనను. కానీ టీవీలో ఫిల్మ్, ఎడిటింగ్, స్పాన్సర్ అన్నీ కుదరాలి, అక్కడ ఆయన చూపించాడు, రేడియోలో మాత్రం మనల్ని ఆ వీధిలోనే నిలబెట్టాడు.